మాట వినిపించని మోర్న్

'స్టార్ ట్రెక్: డీప్ స్పేస్ నైన్' అనే అమెరికన్ సైన్స్ ఫిక్షన్ టీవీ ధారావాహిక 1993 జనవరిలో మొదలై 1999 జూన్‌లో ముగిసింది. ఏడు సీజన్లు, 176 ఎపిసోడ్లు నడిచిన ఆ కథలో యుద్ధాలున్నాయి, కాలానికి అతీతంగా బతికే జీవులున్నారు, రూపాలు మార్చుకునే జాతి ఉంది, తల్లి లేని కొడుకును పెంచుకునే తండ్రి ఉన్నాడు. వీటన్నింటి గురించీ రాసినవారు చాలామంది ఉన్నారు. నేను రాయదలచుకున్నది మాత్రం ఆ కథ జరిగే అంతరిక్ష స్టేషన్లో ఫెరెంగీ జాతికి చెందిన క్వార్క్ అనే వ్యాపారి నడిపే బారులో, కౌంటరు దగ్గర తన స్టూలు మీద, చేతిలో గ్లాసుతో కూర్చుని ఉండే మోర్న్ గురించి. మొదటి ఎపిసోడ్ 'ఎమిసరీ'లోనే అతను కనిపిస్తాడు. ఆ తరువాత ఏడు సీజన్లలోనూ, కథ బారులోకి అడుగుపెట్టినప్పుడల్లా దాదాపుగా అక్కడే ఉంటాడు. అతని నోటి నుంచి ఒక్క మాటైనా ప్రేక్షకుడి చెవిన పడదు.

ముడతలు పడిన పెద్ద తల, దాని మీద అక్కడక్కడ నాలుగు వెంట్రుకలు, మెడ ఎక్కడ మొదలవుతుందో తెలియని భారీ శరీరం, ఏ సంగతికీ తొందరపడని కళ్ళు. ఇదీ అతని రూపం. లూరియన్ అనే జాతికి చెందినవాడని మనకు చెబుతారు. ఆ వేషం లోపల ఉన్న నటుడు మార్క్ అలెన్ షెపర్డ్. తలంతా కప్పేసే ముసుగులో ముఖకవళికలతో నటించడానికి అవకాశం అంతంత మాత్రమే కాబట్టి, భుజాన్ని కొద్దిగా తిప్పడం, తలను వాల్చడం, గ్లాసును ఎంత నిదానంగా ఎత్తాలో అంత నిదానంగా ఎత్తడం, ఎదుటివాడి వైపు ఒక్క క్షణం ఎక్కువ చూడడం వంటి కొద్దిపాటి సాధనాలతోనే ఆయన ఆ పాత్రను నిలబెట్టాడు. చాలా ఎపిసోడ్లలో నటుల పేర్ల వరుసలో ఆయన పేరు కూడా వేయలేదు. పాత్ర పేరు వెనుక ఒక చిన్న సరదా ఉంది. అమెరికాలో 1982 నుంచి 1993 వరకు ప్రసారమైన 'చీర్స్' అనే హాస్య ధారావాహికలో, బోస్టన్ నగరపు బారులో ఎప్పుడూ ఒకే చోట కూర్చుని బీరు తాగే నార్మ్ అనే మనిషి ఉండేవాడు. ఆ పేరులోని ఆంగ్ల అక్షరాలను తారుమారు చేస్తే మోర్న్ అవుతుంది. అంటే సృష్టికర్తలు అతన్ని మొదట ఒక సూచనగానే అక్కడ కూర్చోబెట్టారు. ఆ సూచన మనిషిగా ఎలా ఎదిగిందన్నదే నాకు ఆసక్తి కలిగించే సంగతి.

మోర్న్ మూగవాడు కాడు. స్టేషన్లో ఎవరిని కదిపినా అతను వాగుడుకాయ అనే చెబుతారు. ఒకసారి పట్టుకున్నాడంటే వదలడని విసుక్కుంటారు, అతను చెప్పిన హాస్యాన్ని తలచుకుని నవ్వుకుంటారు, అతని ద్వారా విన్న కబురును మరొకరికి చేరవేస్తారు. అయితే కెమెరా బారులోకి వచ్చేసరికి అతని కథ అప్పుడే ముగిసి ఉంటుంది, లేదా అతను నోరు తెరవబోయే సమయానికి ఎవరో అడ్డుపడతారు. రచయితలు ఏడేళ్ళపాటు ఈ నియమాన్ని తప్పలేదు. ఒక్క ఎపిసోడ్లో సరదాకైనా అతని చేత ఒక వాక్యం పలికించాలన్న కోరికను అంతకాలం అణచుకోవడం చిన్న విషయం కాదు. ధారావాహిక రచన ఎప్పుడూ గడువుల మధ్య, పలువురి చేతుల మీదుగా సాగుతుంది. అంతమంది రచయితలు ఒక మౌనాన్ని కాపాడారంటే, దానికి విలువ ఉందని అందరూ గుర్తించారనే అనుకోవాలి.

మన నాటక లక్షణ గ్రంథాల్లో ఇటువంటి ఉపాయానికి దగ్గర చుట్టం ఒకటి ఉంది. దశరూపకాలలో ఒకటైన భాణంలో రంగం మీద ఉండేది ఒక్కడే పాత్రధారి. అతను కనిపించని మనిషిని పలకరించి, "ఏమంటున్నావు?" అని అడిగి, మనకు వినపడని జవాబును తానే తిరిగి చెప్పి, దానికి మళ్ళీ బదులు పలుకుతాడు. దానిని ఆకాశభాషితం అన్నారు. ఆ పద్ధతిలో వీధి నిండా మనుషులున్నట్టు ప్రేక్షకుడికి అనిపిస్తుంది. ఉన్నది మాత్రం ఒక్కడే. మోర్న్ విషయంలో మనిషి ఎదురుగానే ఉన్నాడు, మాట మాత్రమే ఆకాశంలో ఉంది. ఈ చిన్న తేడా వల్ల ఒక వింత ఫలితం పుట్టింది. భాణంలో కనిపించని మనిషి ముఖాన్ని ప్రేక్షకుడు ఊహించుకుంటాడు. ఇక్కడ ముఖం ఇచ్చేశారు కాబట్టి ఊహ అంతా గొంతు మీదికి, మనసు మీదికి మళ్ళుతుంది. ఆ ముసుగు వెనుక ఎలాంటి కంఠం ఉండి ఉంటుంది? ఎలాంటి మాటకారితనం ఉంటే ఇంతమంది అతన్ని ఇంతగా తలచుకుంటారు?

నా మేనల్లుడికి పదేళ్ళు. సెలవులకు మా ఇంటికి వచ్చినప్పుడు నా పక్కన కూర్చుని కొన్ని ఎపిసోడ్లు చూశాడు. ఓడలు పేలే దృశ్యాలు వదిలేసి వాడు అడిగిన మొదటి ప్రశ్న ఇదే.

"మావయ్యా, ఈయన మూగాయనా?"

"కాదురా, తెగ మాట్లాడతాడట."

"ఎవరు చెప్పారు?"

"అందరూ చెబుతున్నారు కదా."

"అందరూ చెబితే సరిపోతుందా? మనం వినలేదు కదా మరి!"

దానికి నేను అప్పటికప్పుడు జవాబు చెప్పలేదు. కానీ పాత్ర రచనకు సంబంధించి ఇంతకంటే మంచి ప్రశ్న నాకు తోచదు. మనకు తెలిసిన మనుషుల్లో ఎక్కువమంది గురించి మనకు తెలిసింది ఇతరులు చెప్పగా విన్నదే. ముత్తాతలు, ఊరు విడిచిపోయిన బంధువులు, పక్క వీధి పెద్దమనుషులు ఇలా మాటల్లోనే మనకు పరిచయమవుతారు. సాధారణంగా కథలు ఇలాంటివారిని తెరమీదికి తెచ్చి, నోరు తెరిపించి, వారి గురించి చెప్పినది నిజమో కాదో తేల్చేస్తాయి. మోర్న్ విషయంలో ఆ తీర్పు ఎన్నడూ రాదు.

విశాఖపట్నంలో పుట్టి పెరిగినవాడిగా నాకు ఈ ధారావాహిక మీద ఇంకో కారణంగా కూడా మమకారం ఉంది. స్టార్ ట్రెక్ కథలు అంతకుముందు ఓడ మీద నడిచేవి. ఓడ కొత్త గ్రహానికి వెళుతుంది, అక్కడి సమస్యను పరిష్కరించి ముందుకు సాగిపోతుంది. 'డీప్ స్పేస్ నైన్' మాత్రం రేవు కథ. కార్డాసియన్లు అనే జాతి ఆక్రమించి తవ్వుకుపోయిన బజోర్ గ్రహం పక్కన, వర్మ్‌హోల్ అనే అంతరిక్ష సొరంగం ముఖద్వారంలో ఒక పాత స్టేషన్ ఉంటుంది. ఓడలే దాని దగ్గరికి వస్తాయి, సరకు దించుతాయి, మనుషులను దించుతాయి, వెళ్ళిపోతాయి. దాని నడుమ ఉన్న ప్రొమెనేడ్ అనే వీధిలో గుడి ఉంది, బారు ఉంది, దర్జీ దుకాణం ఉంది, బడి నడిచింది, భద్రతాధికారి కచేరీ ఉంది. మా ఊళ్ళో హార్బర్ ముఖద్వారం దగ్గర పక్కపక్కనే ఉన్న మూడు కొండల మీద వెంకటేశ్వరస్వామి గుడి, రోస్‌హిల్ చర్చి, దర్గా ఉన్నాయి. వాటి కిందుగా 1933లో తెరిచిన పోర్టులోకి నేటికీ ఓడలు వస్తూ పోతూ ఉన్నాయి. అలాంటి చోట పెరిగినవారికి ప్రొమెనేడ్ వీధిని ఎవరూ వివరించనక్కరలేదు. రేవులో కొత్త ముఖం వింత కాదు. రేవులో పెద్దవాడంటే వచ్చేవాళ్ళందరినీ చూసినవాడు, తాను మాత్రం కదలనివాడు.

పాత పోస్టాఫీసు దాటి హార్బర్ వైపు వెళ్ళే దారిలో, నేను కాలేజీలో చదివే రోజుల్లో, ఒక టీ బడ్డీ ఉండేది. దాని పక్కన గోడకు ఆనించిన ఇనుప కుర్చీలో ఒక ముసలాయన కూర్చునేవాడు. ఆయన్ని అందరూ సరంగు తాత అనేవారు. బడ్డీ యజమాని ప్రతి కొత్త గిరాకీకీ ఆయన్ని చూపించి, "ఈ తాత చూడని రేవు లేదు బాబూ, మొదలెట్టాడంటే సాయంత్రందాకా ఆపడు," అని చెప్పేవాడు. ఆయన తుఫానులో ఓడను ఎలా తెచ్చాడో, ఏ దేశంలో ఎవరితో గొడవపడ్డాడో, ఎవరికి డబ్బు అప్పిచ్చి వదిలేశాడో నాకు ఇప్పటికీ తెలుసు. అన్నీ బడ్డీ దగ్గర నిలబడినవాళ్ళు చెప్పినవే. నేను అక్కడ ఉన్నంతసేపూ తాత సాసరులో టీ పోసుకుని, ఊది, తాగి, గ్లాసు పక్కన పెట్టేవాడు. మనవైపు చూసి తల ఊపేవాడు. మోర్న్‌ని మొదటిసారి చూసినప్పుడు నాకు ఆయనే గుర్తుకొచ్చాడు. అందుకే ఆ పాత్రను హాస్యం కోసం పెట్టిన బొమ్మగా నేను ఎన్నడూ చూడలేకపోయాను.

తెర మీద చూపకుండా మాటల్లోనే చెప్పే సంఘటనలతో మోర్న్ జీవితం నిండి ఉంది. అతనికి సరకు రవాణా వ్యాపారం ఉంది. వర్ఫ్ వంటి క్లింగాన్ జాతి యోధుడు అతనితో తరచుగా మల్లయుద్ధ సాధన చేసేవాడట. జాడ్జియా డాక్స్ వంటి సౌందర్యవతి, తెలివైన మహిళ ఒకప్పుడు అతని మీద మనసుపడిందట. అతనే ఆసక్తి చూపలేదట. యుద్ధం తప్పదన్న భయం స్టేషన్ అంతా వ్యాపించిన రోజుల్లో అతను మతి తప్పినట్టై, క్వార్క్‌ను బారు స్టూలుతో కొట్టి, అందరం నాశనమైపోతామని కేకలు వేస్తూ ప్రొమెనేడ్ వెంట పరుగెత్తాడని, ఒంటి మీద బట్టల్లేకుండా గుడిలోకి వెళ్ళి రక్షించమని వేడుకున్నాడని చెప్పుకుంటారు. ఈ దృశ్యాన్ని చిత్రీకరించి ఉంటే నవ్వించేదేమో, కానీ అంతటితో చెరిగిపోయేది. వినికిడిగా ఉంచడం వల్ల ఇది స్టేషన్ చరిత్రలో భాగమైంది. పైగా ఆ క్షణంలో స్టేషన్లోని ప్రతి మనిషి మనసులో ఉన్న భయాన్ని అతను ఒక్కడే బయటపెట్టాడు. యూనిఫారం వేసుకున్నవారెవరూ అలా పరుగెత్తలేరు.

నాకు అన్నింటికంటే నచ్చినది 1997లో ప్రసారమైన 'ఫేవర్ ద బోల్డ్' ఎపిసోడ్. అప్పటికి స్టేషన్ డొమినియన్ అనే శత్రువుల చేతిలో ఉంది. స్టేషన్ అధిపతి సిస్కో తన సిబ్బందితో బయటికి తప్పుకున్నాడు. డొమినియన్ సేనలు వర్మ్‌హోల్ ద్వారా అదనపు బలగాలను రప్పించకుండా, వెళ్ళేముందు ఆయన ఆ ముఖద్వారంలో మందుపాతరలు పరిచిపోయాడు. ఆ మందుపాతరలను తొలగించే దారి శత్రువుకు దొరికింది. అవి పోయాయంటే వేలాది ఓడలు వచ్చిపడతాయి, యుద్ధం ముగిసిపోతుంది. ఈ కబురు సిస్కోకు చేరాలి. స్టేషన్ నుంచి వెళ్ళే ప్రతి సందేశం మీదా నిఘా ఉంది. స్టేషన్ అధికారి కీరా, సిస్కో కొడుకు జేక్, క్వార్క్ వంటివారు లోపల చిక్కుకుని ఉన్నారు. అప్పుడు వారికి దొరికిన మనిషి మోర్న్. తల్లి పుట్టినరోజుకు ఇంటికి వెళుతున్న అతని చేతిలోని కానుకలో ఆ సందేశాన్ని దాచిపెట్టి పంపారు. అది చేరింది. సిస్కో అనుకున్నదానికంటే ముందుగానే నౌకాదళాన్ని కదిలించాడు. తరువాతి ఎపిసోడ్లో స్టేషన్ తిరిగి దక్కింది.

ఇందులోని నేర్పును కాస్త ఆగి చూడాలి. ఈ యుద్ధంలో గూఢచారులున్నారు, రహస్య లిపులున్నాయి, రూపాలు మార్చగలిగిన జీవులున్నారు. కబురు మాత్రం రోజూ బారులో కూర్చునేవాడి చేతి సంచిలో వెళ్ళింది. ఆక్రమించినవారు అతన్ని రోజూ చూశారు కాబట్టే చూడడం మానేశారు. సైనికులకు అతను గోడ మీద రంగు వంటివాడు. స్టేషన్లో అతి ఎక్కువగా మాట్లాడతాడని పేరున్న మనిషిని నమ్మి, బయటికి పొక్కకూడని మాటను అప్పగించడంలో కూడా ఒక లోతైన పరిశీలన ఉంది. ఎంత మాట్లాడినా చెప్పకూడనిది చెప్పనివాళ్ళు ఉంటారు. వారి వాగుడే వారికి తలుపు. కీరా వంటి మాజీ తిరుగుబాటుదారుకు ఈ సంగతి తెలుసు. ఆమె ఆక్రమణ కాలంలో పెరిగింది. ఎవరిని నమ్మాలో ఆమెకు ఎవరూ నేర్పనవసరం లేదు. ప్రయాణమంతా మనకు చూపించరు. తనిఖీ దగ్గర సైనికుడు ఆ పొట్లాన్ని ఎత్తి చూసి తిరిగి ఇచ్చాడా, మోర్న్ చేతులు వణికాయా, దారిలో ఎవరైనా పలకరించారా అన్నవి మన ఊహకే వదిలారు.

ఇదే ధారావాహికలో మరో రహస్య పాత్ర గారక్. కార్డాసియన్ దర్జీ. ఆండ్రూ రాబిన్సన్ అద్భుతంగా నటించాడు. మొదటి సీజన్లో ఒక్క ఎపిసోడ్లో వచ్చిన చిన్న పాత్ర తరువాత ప్రధాన పాత్రలతో సమానంగా ఎదిగింది. గారక్ గురించి అభిమానులు రాసినంత మోర్న్ గురించి రాయకపోవడం సహజమే. గారక్ రహస్యం మాటల రహస్యం. ఒకే సంఘటనను నాలుగు విధాలుగా చెప్పి, నాలుగూ అబద్ధాలే అయినా వాటిలో ఏదో నిజం ఉందని నమ్మించగలడు. కథ ముందుకు సాగేకొద్దీ అతని గతం, అతని తండ్రి, అతని పాపాలు ఒక్కొక్కటిగా బయటపడతాయి. అలా బయటపడినా గారక్ మనకు తక్కువ కాలేదు. అది రచయితల గొప్పతనం. అయినప్పటికీ నా అభిప్రాయంలో రహస్యమన్నది పూర్తిగా నిలిచినది మోర్న్ దగ్గరే. గారక్ గతం గురించి అడిగితే చివరికి ఏదో ఒక జవాబు దొరుకుతుంది. మోర్న్ గురించి తెలుసుకున్న ప్రతి కొత్త విషయం అతన్ని ఇంకో అడుగు దూరం జరుపుతుంది.

దీనికి సాక్ష్యం 1998 ఫిబ్రవరిలో, ఆరవ సీజన్లో వచ్చిన 'హూ మోర్న్స్ ఫర్ మోర్న్?' అన్న ఎపిసోడ్. పూర్తిగా అతని చుట్టూ అల్లిన కథ ఇదొక్కటే, ఇందులో ఎక్కువ భాగం అతను లేడు. ప్రయాణంలో ఉన్న అతని ఓడ అయాన్ తుఫానులో చిక్కుకుని నాశనమైందని వార్త వస్తుంది. వార్త రాకముందు నుంచే క్వార్క్ అతని లోటును తట్టుకోలేక, వ్యాపారం తగ్గకుండా ఉండడానికి, అతని స్టూలు మీద అతని హోలోగ్రామ్‌ను కూర్చోబెట్టి ఉంటాడు. బారుకు వచ్చేవారికి ఆ కుర్చీలో ఆ మనిషి కనబడితేనే తాము సరైన చోటికి వచ్చామన్న భరోసా. మరణవార్త తరువాత సంస్మరణ జరుగుతుంది. ఒక్కొక్కరూ అతనితో తమకున్న అనుబంధాన్ని తలచుకుంటారు. వర్ఫ్ మల్లయుద్ధం సంగతి, డాక్స్ మనసుపడిన సంగతి మనకు తెలిసేది ఇక్కడే. ఈ మొదటి పది, పదిహేను నిమిషాలు ఈ ధారావాహికలోని మంచి రచనలో ఒక భాగమని నేను నమ్ముతాను. అందరికీ అతను తెలుసు. ఒక్కొక్కరికి తెలిసిన మోర్న్ ఒక్కొక్కడు.

సంస్మరణలో ఒక చిన్న క్షణం నాకు చాలా ఇష్టం. ఖాళీ స్టూలు చూడలేక క్వార్క్ అక్కడున్న ఒక బజోరన్ మనిషిని పిలిచి, మోర్న్ గౌరవార్థం ఆ చోట కూర్చోమంటాడు. ఆ మనిషి వచ్చి కూర్చుంటాడు. అతను మార్క్ అలెన్ షెపర్డే, ముసుగు లేకుండా. ఏళ్ళ తరబడి ఆ స్టూలు మీద కూర్చున్న నటుడు తన సొంత ముఖంతో, తన పాత్ర చనిపోయిందని అందరూ అనుకుంటున్న రోజున, తన కుర్చీలోకే పిలవబడ్డాడు. కథలోని వారెవరూ దానిని గుర్తించరు. చూసేవారిలో కూడా తెలిసినవారికి మాత్రమే తెలుస్తుంది. నటుడి పేరు తెర మీద వేయకుండా గడిపిన ఏళ్ళకు, ఆయనతో పనిచేసినవారు చేసిన మర్యాదగా నేను దానిని చూస్తాను.

తరువాతి కథ దోపిడీ కథ. మోర్న్ వీలునామా ప్రకారం ఆస్తి అంతా క్వార్క్‌కు దక్కుతుంది. ఆస్తి ఏదని వెతికితే బ్యాంకులో ఏమీ లేదు, గదిలో మట్టి స్నానానికి ఒక తొట్టి, గోడ మీద ఎద్దుతో పోరాడేవాడి బొమ్మ ఉన్నాయి. ఆ తొట్టిలో నుంచే లారెల్ అనే ఆమె పైకి లేచి తాను అతని మాజీ భార్యనంటుంది. క్రిట్, నాస్క్ అనే ఇద్దరు సోదరులు వచ్చి అప్పు అడుగుతారు. హేన్ అనేవాడు మోర్న్ నిజానికి లూరియన్ రాజకుమారుడని, ఆస్తి రాజవంశానిదని చెబుతాడు. నలుగురివీ అబద్ధాలే. వారంతా అతనితో కలిసి ఒకప్పుడు లిసేపియన్ల మాతృదినం నాడు జరిగిన దోపిడీలో పాల్గొన్నవారు. వెయ్యి ఇటుకల బంగారు పూత లాటినమ్‌తో మోర్న్ మాయమయ్యాడు. కేసు గడువు తీరిపోవడంతో వాటా కోసం వచ్చారు. తుపాకులు పేలతాయి. చివరికి ఆ ఇటుకలు క్వార్క్ చేతికే వస్తాయి. విరిచి చూస్తే లోపల లాటినమ్ లేదు, ఖాళీ బంగారం. ఆ లోకంలో లాటినమ్ అనే ద్రవానికే విలువ, బంగారం దాన్ని పట్టి ఉంచే డొల్ల మాత్రమే కాబట్టి క్వార్క్ కుప్పకూలిపోతాడు.

ఈ దోపిడీ భాగం సాఫీగా నడిచినా, మొదటి భాగంలోని లోతు దానికి లేదని నా ఉద్దేశం. వచ్చినవారంతా గట్టిగా అరిచే మనుషులు, వారి అబద్ధాలు తొందరగా తేలిపోతాయి. ముగింపు మాత్రం కథను మళ్ళీ పైకి ఎత్తుతుంది. మోర్న్ బతికే ఉన్నాడు. తన స్టూలు దగ్గరికి తిరిగి వస్తాడు. క్వార్క్ కోపంతో, ఆనందంతో, నిరాశతో మాట్లాడుతూ ఉండగా మోర్న్ చిన్న గ్లాసు అందుకుని, కాస్త తిప్పలుపడి, లోపలి నుంచి మెరిసే ద్రవాన్ని అందులోకి ఉమ్ముతాడు. వంద ఇటుకలకు సరిపడా లాటినమ్. ఇన్నేళ్ళూ అతను దానిని తన రెండో పొట్టలో మోసుకుంటూ తిరిగాడు. అందుకేనా నీ జుట్టు ఊడిపోయిందని క్వార్క్ అంటాడు. మొదటి రోజు నుంచి మనం చూస్తున్న బట్టతలకు ఆరవ సీజన్లో కారణం దొరికింది. ముసుగు తయారు చేసినప్పుడు ఎవరూ అనుకొని ఉండని అర్థాన్ని రచయితలు తరువాత దానికి తొడిగారు. ఇక్కడ ధారావాహిక రచనలోని ఒక సుగుణం కనిపిస్తుంది. ముందు వేసిన చిన్న గీతను పారేయకుండా, ఏళ్ళ తరువాత తిరిగివచ్చి దానికి ఒక గతాన్ని ఇవ్వగలగడం నవల కంటే ధారావాహికకే సులువు.

ఆ ద్రవం గ్లాసులో పడిన తరువాత మనకు మోర్న్ గురించి ఏం తెలిసింది? అతను దొంగ అని తెలిసింది. స్నేహితులని నమ్మినవారిని మోసం చేశాడని తెలిసింది. ఏళ్ళ తరబడి ఆ రహస్యాన్ని కడుపులో పెట్టుకుని, ఆ బారులో కూర్చుని, అందరితో కబుర్లు చెప్పినవాడని తెలిసింది. అంత సంపద ఉండి కూడా ఒక రేవు బారులో ఒక స్టూలు చాలనుకున్నాడు. ఎందుకు? భయమా, సంతృప్తా, మరేదైనా బెంగా? ఎపిసోడ్ ఆ ప్రశ్నను తాకకుండానే ముగుస్తుంది. నేను దానిని లోపంగా చూడను. పాత నేరం బయటపడిన తరువాత కూడా అతను అక్కడే కూర్చుంటాడు, పక్కవాడితో ఏదో చెబుతూనే ఉంటాడు, మనకు వినపడదు.

మోర్న్ ఆ స్టేషన్ దాటి మరో ధారావాహికలోకి కూడా అడుగుపెట్టాడు. 1995 జనవరిలో 'స్టార్ ట్రెక్: వాయేజర్' మొదటి ఎపిసోడ్ 'కేర్‌టేకర్'లో, ఓడ బయలుదేరే ముందు కొత్త ఉద్యోగి హ్యారీ కిమ్ క్వార్క్ బారుకు వెళ్ళి మోసపోబోతాడు. ఆ బారులో మోర్న్ కూడా ఉన్నాడు. కొద్దిసేపటి తరువాత ఆ ఓడ ఇంటికి 70,000 కాంతి సంవత్సరాల దూరంలో పడిపోతుంది. హ్యారీ తన లోకాన్ని వదిలే ముందు చూసిన మనుషుల్లో ఇతనొకడు. ఆ యువకుడు ఏడు సీజన్లపాటు ఇంటికోసం తపించినంత కాలమూ, అక్కడ ఆ స్టూలు మీద ఇతను కూర్చునే ఉంటాడని తెలిసిన ప్రేక్షకుడికి ఆ దూరం ఎంతో బాగా అర్థమవుతుంది. ఒక అప్రధాన పాత్రకు ఇంత బరువు ఇచ్చినది దాని స్థిరత్వమే. 'డీప్ స్పేస్ నైన్' ముగిసేసరికి స్టేషన్ ఇంజినీరు ఓబ్రయన్ భూమికి వెళతాడు, వర్ఫ్ రాయబారిగా వెళతాడు, గారక్ శిథిలమైన తన గ్రహానికి వెళతాడు, రూపాలు మార్చుకోగల భద్రతాధికారి ఓడో తన జాతిలో కలిసిపోతాడు, సిస్కో కాలానికి అతీతమైనవారి మధ్యకు వెళతాడు. అంతకు ఏడాది ముందే జాడ్జియా చనిపోయింది. బారు మాత్రం తెరిచే ఉంటుంది.

కొత్తగా చూడబోయేవారికి నాది ఒక్కటే మనవి. 'హూ మోర్న్స్ ఫర్ మోర్న్?' ఎపిసోడ్‌ను విడిగా తీసి ముందే చూడకండి. సరదా ఎపిసోడ్ అని చాలామంది మొదట దానినే చూపిస్తారు. అప్పుడు అది వింత ముఖం ఉన్న ఒకడి దోపిడీ కథగా మిగిలిపోతుంది. కనీసం ఐదవ సీజన్ మొత్తం, ఆరవ సీజన్లో ఆక్రమణ కాలపు మొదటి ఆరు ఎపిసోడ్లు చూసి, అతన్ని వెనుక బల్లల మధ్య, భుజాల సందుల్లో, దృశ్యం అంచుల్లో చూడడం అలవాటైన తరువాత దాని దగ్గరికి రండి. నా మేనల్లుడు ఈ వేసవికి వచ్చినప్పుడు కూడా అదే వరుసలో చూపించబోతున్నాను. వాడు మళ్ళీ అదే ప్రశ్న అడుగుతాడు; ఈసారి జవాబుగా వాడి చేతనే మోర్న్ మాటలు రాయిద్దామని నోటుపుస్తకం కొని ఉంచాను.